ద్వీపయాత్రలో దంపతులు

జంషెడ్‌పూరునకు సముద్రము లేదు. సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలిసే ఆ ప్రాంతమున, 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ కర్మాగారమును నిర్మించిన పిమ్మట, పనికై వచ్చి స్థిరపడిన తెలుగువారిలో ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చిన కుటుంబములు పెక్కు. ఆ కుటుంబముల తర్వాతి తరములవారు నేడు శీతకాలపు సెలవులలో దంపతులుగా అండమాను పోయి, దీవినుండి దీవికి ఓడపై విహరించి వచ్చి, ఆ అనుభవమును యాత్రావ్యాసముగా వ్రాయుట కద్దు. ఇట్టి రచనలు హైదరాబాదునుండియు విశాఖనుండియు వచ్చుచునే యున్నవి. కాని తీరమును విడిచి లోనాడున ఉక్కుకొలుముల నడుమ బ్రదికినవారి చేతిలో ఈ రచనకు వేరొక రుచి ఉండవలసినది. అది లేదు. ఎందుచేత?

దంపతుల సముద్రవిహారము మన పూర్వకవులకు తెలియనిది కాదు. రఘువంశము ఆరవ సర్గలో సునంద ఇందుమతికి కళింగాధిపతియైన హేమాంగదుని చూపి, తాటితోపులు గలగలలాడు కడలియొడ్డున ఇతనితో విహరింపుమని చెప్పును. ద్వీపాంతరమునుండి లవంగపుష్పములను కొనివచ్చు గాలులు వారి చెమటబిందువులను తుడుచునట. లవంగము పదునెనిమిదవ శతాబ్దివరకు తూర్పున మొలుక్కా దీవులలో తప్ప పండినది కాదు. అంతదూరపు పరిమళమును గాలి మోసికొనిరాదు, ఓడలు తేవలెను. కాళిదాసు వర్తకుల ఓడను మాయము చేసి గాలిని మాత్రము మిగిల్చినాడు. శృంగారమునకు ఓడబేరము అడ్డమని తలచినాడు కాబోలు! ఏమైనను ఆ దంపతులు ఒడ్డునే ఉందురు. ఇందుమతి ఆ రాజునుగూడ వరింపక ముందునకు సాగినది గనుక ఆ విహారమును ఊహగానే మిగిలినది.

ఓడ ఎక్కిన దంపతులు తెలుగున కేతన దశకుమారచరిత్రమున కనబడుదురు. రత్నోద్భవుడు కాలయవన ద్వీపమున వణిక్పుత్రికయైన సువృత్తను పెండ్లాడి, గర్భవతియైన ఆమెతో స్వదేశమునకు మరలుచుండగా ఓడ మునుగును. ఆమె దాదితోగూడ పలక ఆధారముగా ఒడ్డు చేరి అడవిలో పుష్పోద్భవుని కనును. కథ దండిదే. కాని తిక్కనకు అంకితమైన ఈ కావ్యమును ఆనాటి తెలుగు శ్రోత వట్టి కల్పనగా విని యుండడు. ఆ పదుమూడవ శతాబ్దిలోనే, 1244 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించినాడు. తుపానుకు చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలిమిని హరించెడివారనియు, తాను సుంకము మాత్రమే గైకొందుననియు అందు చెప్పించినాడు. ఓడ మునుగుట ఆనాడు రాజశాసనమునకెక్కిన లోకవృత్తము. కేతన దంపతుల కథ మనసునకు పట్టుటకు ఈ సత్యమే కారణము: వారి నడుమకు సముద్రము నిజముగ వచ్చినది.

కార్తిక పూర్ణిమనాడు తెలుగు స్త్రీలు నీటిలో దీపము వదలుదురు. ఒడియావారు అదే దినమున చిన్నపడవను వదలుదురు. ఈశాన్యపు గాలి తిరిగిన తరువాత బాలి, జావా దీవులకు బయలుదేరిన సాధవుల స్మృతి అది. ఆ ఓడలలో పోయినవారు పురుషులు. స్త్రీలకు మిగిలినది పూజయు ఎదురుచూపును. ఆ ఎదురుచూపును దాటి భర్తతోగూడ ఓడ ఎక్కి, ఆ యాత్రను తానే వ్రాసిన తెలుగు స్త్రీ పోతము జానకమ్మ. ఆమె ఇంగ్లండు యాత్రాగ్రంథము తెలుగునుండి ఆంగ్లమునకు మారి 1876లో వెలువడినది. మన యాత్రాసాహిత్యమున దంపతులలో భార్య చేతికి కలము వచ్చుట చిన్న సంగతి కాదు.

నేటి ద్వీపయాత్రా వ్యాసమును ఈ వరుసలో నిలిపి చూడవలెను. అందు ‘మేము’ అను మాట ప్రతి వాక్యమునను ఉండును; రెండవ మనిషి మాత్రము కనబడదు. భార్య ఫొటోలో నిలుచును, బడలును, ముత్యములు బేరమాడును. ఆమెకు సముద్రము ఎట్లు తోచినదో వ్రాసినవారు అరుదు. ఇక సముద్రమన్ననో, రెండు వసతిగృహముల నడుమ కాలక్షేపము. శ్రీవిజయపురమునుండి (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) స్వరాజ్ ద్వీపమునకు, అనగా 2018 వరకు హేవ్‌లాక్ అనబడిన దీవికి, చలువయంత్రపు ఓడలో ఇంచుమించు రెండు గంటలు. కిటికీ తెరువరాదు. ఆ ఓడను కాటమరాన్ అందురు. మన తీరపు జాలరి దుంగలు కట్టి నడుపు తెప్పకే ఆ పేరు మొదట చెల్లినదని ఎరిగినచో ఒక పుట నిండియుండెడిది!

అంతకు మించిన లోపము వేరొకటి. 2011 జనగణన ప్రకారము అండమాను నికోబారులలో నూటికి సుమారు పదుమూడుగురి మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి పోయిన మత్స్యకారులు అనేకులు. తెరచాప, చుక్కాని, లంగరు, వాటుగాలి, పోటు, పాటు అను మాటలు వారికి నిఘంటువున వెదకవలసినవి కావు. జంషెడ్‌పూరు దంపతుల పూర్వులును అదే తీరమున పుట్టి, బ్రతుకుతెరువునకై ఒకరు కొలిమివైపు, ఒకరు కడలివైపు సాగినవారు. పరభాషల నడుమ ఇంట తెలుగు నిలుపుకొనుట ఎంత కష్టమో ఆ ఇరువురికి తెలిసినంతగా హైదరాబాదు యాత్రికునికి తెలియదు. అయినను వ్యాసమున రేవుకడ చేపలబుట్ట దించు మనిషి ‘స్థానికుడు’ అను ఒక్క మాటతో ముగిసిపోవును. అతనిని ‘ఏ ఊరు బాబూ?’ అని తెలుగున పలుకరించిన వ్యాసము కానరాదు.