తీన్‌మార్ వెనుక మర్ఫా: కరీబియన్ డోలు సంప్రదాయాలతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆఫ్రికా మూలాలున్న డోలు వాద్యాలు కరీబియన్ దీవులలో తమ సమూహాల పేరుతోనే గుర్తింపు పొందాయి. హైదరాబాదు మర్ఫా దరువు పల్లెలకు పాకినా దాని వాద్యకారులు మరుగున పడ్డారు. ఈ భేదానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మర్ఫా, సిద్దీలు, డప్పు, తీన్‌మార్, గ్వోకా.

1. ఉపోద్ఘాతం

రంగారెడ్డి జిల్లా షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల పెళ్లి బారాత్‌లలో తీన్‌మార్ దరువు సుపరిచితం. కొట్టేది డప్పు కావచ్చు, బ్యాండు కావచ్చు. పేరు మాత్రం ఉర్దూది. మూడు దెబ్బలని అర్థం. హైదరాబాదు మర్ఫాతో ముడిపడి ప్రచారంలోకి వచ్చిన పేరిది. హద్రామీ అరబ్బులు, ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు మర్ఫాను నిలబెట్టారు. బారాత్‌లో ఆడేవారికి దరువు తెలిసినంతగా ఈ చరిత్ర తెలియదు.

2. కరీబియన్ దీవులలో డోలు

పశ్చిమ, మధ్య ఆఫ్రికాల నుంచి బానిసలుగా తరలింపబడినవారు తమ దరువులను జ్ఞాపకంలో మోసుకొని వెళ్లారు. క్యూబాలో యొరూబా సంతతివారు బాటా డోళ్లను దేవతారాధనలో నిలుపుకొన్నారు. రెండు వైపులా అరచేతులతో వాయించే ఈ మూడు డోళ్లలో పెద్దదాని పేరు 'ఇయా', అనగా తల్లి. గ్వాడెలోప్ దీవి గ్వోకాలో 'బులా' డోలు దరువును నిలకడగా పట్టి ఉంచుతుంది. 'మాకే' డోలు నర్తకుల అడుగులకు బదులిస్తుంది. అందులోని ఏడు ప్రధాన దరువులకూ విడివిడి పేర్లున్నాయి. 2014లో గ్వోకాకు యునెస్కో గుర్తింపు లభించింది. ట్రినిడాడ్‌లో 1880ల నాటి చట్టాలు డోలును అణచగా, ప్రజలు వెదురు బొంగులను నేలకు మోది లయను నిలుపుకొన్నారు. తరువాతి కాలంలో ఇనుప పీపాల నుంచి స్టీల్‌పాన్ పుట్టింది. ఇక్కడ ఆరాధన, నిర్బంధం రెండూ వాద్యాన్ని దాని సమూహంతో గట్టిగా ముడివేశాయి.

3. హైదరాబాదులో మర్ఫా

హైదరాబాదు సిద్దీల మూలాలు ప్రధానంగా తూర్పు ఆఫ్రికావి. కనుక కరీబియన్ డోలునూ మర్ఫానూ 'ఆఫ్రికా లయ' అని ఒకే గాటన కట్టడం సరికాదు. వనపర్తి సంస్థానంలోనూ, ఆపై నిజాం కొలువులోనూ సిద్దీలు సైనికులుగా పనిచేశారు. నగరంలోని ఏసీ గార్డ్స్ పేటలో 'ఏసీ' అంటే ఆఫ్రికన్ కావల్రీ, అనగా ఆఫ్రికా అశ్వికదళం. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య అనంతరం ఆ సైనిక జీవితం ముగిసింది. అనేక కుటుంబాలకు మర్ఫా బ్రతుకుతెరువైంది. డఫ్‌ను వేళ్లతో, అరచేతితో, మర్ఫా డోలును పుల్లలతో వాయిస్తూ వారు నగరంలోని పెళ్లి ఊరేగింపులలో సాగారు. ఇక్కడ డోలు నిషేధానికి గురికాలేదు, కిరాయికి కుదిరింది. కిరాయి వాద్యం దరువును ఊరూరా పంచింది గాని, వాద్యకారుడి పేరును వెంట పంపలేదు.

4. జానపద విమర్శలో లోటు

ఈ మరుపులో పరిశోధన వాటా కూడా ఉన్నది. 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' మనకు బలమైన పునాది. ఆ పునాదిపై సాగిన అధ్యయనాలలో గేయానికే ప్రాధాన్యం దక్కింది. మాట లేని దరువు 'సాహిత్యం' పరిధికి వెలుపలే ఉండిపోయింది. డప్పు విషయంలో ఈ లోటును దళిత సాహిత్యం కొంత పూడ్చింది. సిర్ర, చిటికెన పుల్లలతో మోగే పెళ్లి దరువులో, చావు దరువులో మాదిగల శ్రమనూ, అవమానాన్నీ, ఆత్మగౌరవాన్నీ అది వినిపించింది. మర్ఫాను మాత్రం 'ఉర్దూవారి వాద్యం'గా పక్కన పెట్టడం సులువైంది. తెలుగు పల్లె బారాత్‌లో మోగే దరువుకు భాష పేరుతో సరిహద్దు గీయడం సమంజసం కాదు.

అయితే తీన్‌మార్‌ను పూర్తిగా మర్ఫాకే అప్పగించినా మరో అన్యాయం జరుగుతుంది. పల్లెలో ఆ దరువును తన చేతివాటానికి తగినట్లు మలిచినవాడు డప్పు కళాకారుడు. ఒకరికి గుర్తింపు ఇవ్వడానికి మరొకరి పేరు చెరపనవసరం లేదు.

5. ముగింపు

గ్వోకా దరువులకు వలె తీన్‌మార్ రకాలకూ పేర్లు, కొట్టే తీరు, వాయించే సందర్భం నమోదు కావాలి. షాబాద్ ప్రాంతపు డప్పు బృందాలను, ఏసీ గార్డ్స్ మర్ఫా బృందాలను పక్కపక్కన కూర్చోబెట్టి వినవలసిన పని తెలుగు శాఖలది కూడా. వారి పేర్లతో సహా దరువు నమోదైనప్పుడే తెలంగాణ జానపద చరిత్ర సమగ్రమవుతుంది.