‘ఫ్లోరైడ్ రహితము’ అనగా ఏమి?

రాళ్లు లేని త్రాసుతో తూకము కుదరదు. నిర్వచనము లేని మాటతో వాదము తెగదు. ఇరుపక్షాలవారు ఒకే మాటను పలుకుతూ వేర్వేరు విషయాలను చెప్పుచుందురు. ఇందుకు ఉదాహరణ మన ముంగిటనే ఉన్నది. 2016 వరకు నల్లగొండ జిల్లాలో భాగమైన సూర్యాపేట, కోదాడ ప్రాంతాలలోను, మిర్యాలగూడలోను ‘ఫ్లోరిన్ నీళ్లు’ అను మాట వినని విద్యార్థి ఉండడు.

మొదట ఆ మాటనే పరిశీలింతము. ఫ్లోరిన్ ఒక వాయువు. 1886లో మొయిసాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేసినాడు. అది నీటితో వెంటనే చర్య జరుపును. కావున బావినీటిలో వాయురూపమున ఉండజాలదు. నీటిలో ఉన్నది ఫ్లోరైడ్ అయాను. వాడుకలో ఈ పొరపాటును మన్నింపవచ్చును గాని పాఠము చెప్పునప్పుడు మన్నింపరాదు.

ఇక ‘రహితము’. బొత్తిగా లేదని అర్థము చెప్పినచో ప్రకృతిలోని నీరేదియు ఈ పేరుకు తగదు. భారతీయ ప్రమాణము ప్రకారము లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చును. వేరే నీరు దొరకనిచో 1.5 వరకు అనుమతింతురు. లీటరుకు 1.2 మిల్లీగ్రాములున్న నీటిని ఒకరు మంచిదనిరి, మరొకరు కాదనిరి అనుకొనుడు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడలేదు. హద్దు ఏదో ఇద్దరును చెప్పలేదు.

ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటి కలదు. 2020లో కేంద్ర ప్రభుత్వపు లెక్కలలో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసములు లేవని నమోదైనది. ఆ లెక్క సరఫరా అగు త్రాగునీటికి సంబంధించినది. మిషన్ భగీరథ కుళాయిలో శుద్ధిచేసిన నదీజలము వచ్చినంతమాత్రాన భూమిలోని గ్రానైటు శిల మారదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉండవచ్చును. మనిషి దేహము మూడవ విషయము. పంటి ఎనామిల్ చిన్నతనమున ఏర్పడును. నలుబది ఏండ్ల వాని పండ్లమీది మచ్చలు అతని బాల్యమునాటి నీటిని తెలుపునే గాని నేటి కుళాయి నీటిని కాదు. ఆ మచ్చలను చూపి నేటి నీరు చెడ్డదనుట ఎంత తప్పో, నేటి నీటిని చూపి వ్యాధియే లేదనుట కూడ అంతే తప్పు.

‘ఫ్లోరైడ్ పీడిత గ్రామము’ను తరగతిలో నిర్వచింపుమన్నచో మూడు విధముల తప్పు సమాధానములు రావచ్చును. ‘ఫ్లోరైడ్ పీడ గల గ్రామము’ అనినచో ఆ మాటనే తిరిగి చెప్పినట్లు. ‘నీటిలో ఫ్లోరైడ్ గల గ్రామము’ అనినచో దాదాపు అన్ని గ్రామములును చేరును. ‘ఎముకలు వంగినవారున్న గ్రామము’ అనినచో, పండ్లపై మాత్రమే మచ్చలు కనబడు గ్రామములు తప్పిపోవును. ఏ నీటిలో, ఎప్పుడు కొలువగా, లీటరుకు ఎంతకు మించినదో చెప్పునదే పనికివచ్చు నిర్వచనము. వ్యాధిగ్రస్తుల లెక్క వేరుగా ఉండవలెను.

ఇది మాటల పట్టింపు కాదు. ‘రహితము’ అను ఒక్క మాటతో నడుము వంగిన వృద్ధుని వైద్యము మరుగున పడకూడదు; కుళాయి రాని దినమున బోరు నీరు త్రాగు పిల్లవాని సంగతియు మరువరాదు. కావున ఉపాధ్యాయులు వాదపోటీ పెట్టునప్పుడు మొదటి ఐదు నిమిషములు నిర్వచనమునకే కేటాయించుట మంచిది. పలుమారు ఆ ఐదు నిమిషములలోనే సగము వాదము తీరిపోవును. మిగిలిన సగమే నిజముగా వాదింపదగినది.