కొండరెడ్లు, కోయలు: ఒక గ్రంథవిమర్శము

హైమెండార్ఫు పండితుఁడు 1945లోఁ బ్రకటించిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అను గ్రంథము భద్రాచలమునకు దిగువ గోదావరి కొండలందలి కొండరెడ్ల చరిత్రకు ముఖ్యాధారము. గోమాంసము భుజింతు రను హేతువుచేఁ గొండరెడ్లు కోయలను దక్కువగా నెంచుట ప్రసిద్ధము. ఆ కొండరెడ్లే కలప వర్తకులకు లోఁబడి కష్టించిన విధమును గ్రంథకర్త చూపినాఁడు. ఈ రెంటిని విడివిడిగాఁ జదివినచో మొదటిది ఆచారముగను, రెండవది దారిద్ర్యముగను మాత్రమే తోఁచును, కలిపి చదువవలెను. పంక్తిలోని యాధిక్యము రెడ్డికి అడవిపై నధికారము నీయలేదు. కోయకుఁ గలిగిన యవమానము మాత్రము నిజము. ఇరువురు నొక్కటి గాకుండుట వర్తకునకే లాభము. 2014లో ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునఁ జేరిన పోలవరము ముంపు మండలములలో నిరు తెగల యూళ్లును గలవు. కావున నీ పంక్తిభేదమును గేవల మాచార మని పరిశోధకులు విడువరాదు.