ఎడమ పట్టు, కుడి చిటికె

సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఏదైనా డీటీపీ సెంటర్‌లో ఓ గంట కూర్చోండి. తెరను కాదు, ఆపరేటర్ కుడిచేతిని చూడండి. చూపుడువేలు మౌస్ ఎడమ బటన్ నొక్కిపట్టి బొమ్మను లాగుతుంది. కావలసిన చోటు రాగానే మధ్యవేలు కుడి బటన్‌ను ఒక్కసారి తడుతుంది. ఆ తర్వాతే చూపుడువేలు లేస్తుంది. పాత బొమ్మ పాతచోటే ఉంటుంది, మక్కీకి మక్కీ అలాంటిదే ఇంకోటి పక్కన నిలుస్తుంది.

డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో ఈ పట్టు నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పక్క కుర్చీలోని అన్న చెప్పింది ఒకటే మాట: "ఎడమది ఇడువకు, కుడిది కొట్టు." తొందరపడి ఎడమది ముందే వదిలితే బొమ్మ జరుగుతుంది తప్ప నకలు రాదు. లాగేటప్పుడు కంట్రోల్ కూడా పట్టుకుంటే బొమ్మ అడ్డంగానో నిలువుగానో తిన్నగా పోతుంది, వెంట్రుకవాసి పక్కకు తొలగదు.

విజిటింగ్ కార్డుల దగ్గర దీని విలువ తెలుస్తుంది. 12×18 అంగుళాల షీటు, మూడున్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు ఉన్న కార్డు. మొదటి కార్డును కిందికి లాగి, కత్తెర పడేంత సందు వదిలి, కుడి బటన్ తట్టాలి. ఇక కంట్రోల్ ఆర్ ఆరుసార్లు నొక్కితే అదే ఎడంతో ఎనిమిది కార్డుల నిలువు వరుస. ఆ వరుసనంతా పట్టి పక్కకు లాగి మళ్లీ కుడి చిటికె, ఒక కంట్రోల్ ఆర్. మూడు వరుసలు, 24 కార్డులు. మౌస్ కదిలింది రెండేసార్లు.

1963లో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో మూలం దిద్దితే నకళ్లన్నీ మారేవి. మన కుడి చిటికె నకళ్లు అలా కావు, పుట్టగానే దేని బతుకు దానిది. ఫోన్ నంబర్లో ఒక్క అంకె తప్పుంటే 24 చోట్లా దిద్దాల్సిందే. అందుకే చేయి తిరిగినవాళ్లు ఆర్డరు ఇచ్చినాయనకు మొదటిదాన్ని చూపించి, ఆయన సరేనన్నాకే గుణిస్తారు.

పెళ్లిపత్రిక దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని ప్రెస్సులో తెరిస్తే అర్థంకాని గీతలుగా కనిపిస్తుంది. కాబట్టి పంపేముందు అక్షరాలను కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేస్తాం. అప్పటినుంచి అవి బొమ్మలే, చెరిపి మళ్లీ కొట్టడం కుదరదు. ఒకసారి నేను నకలు పెట్టుకోకుండా కర్వ్స్ చేసి, ఫైలు మూసేశాను. మర్నాడు పెళ్లికొడుకు మేనమామ వచ్చి, బంధువుల పేర్లలో తన తమ్ముడి పేరు లేదన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. పత్రికంతా మొదటినుంచీ కొట్టాను.

ఆ రోజు నుంచి చేతికి ఒక అలవాటు పడింది. పత్రిక పూర్తవగానే మొత్తం పట్టి, పేజీ బయటి ఖాళీలోకి లాగి, కుడి చిటికె. పేజీలోనిది కర్వ్స్ అవుతుంది, బయటిది అక్షరాలుగానే ఉంటుంది. బయట ఉన్నది అచ్చులో పడదు. మళ్లీ ఏ మేనమామ గడప తొక్కినా, "కూర్చోండి బాబాయ్, పేరు చెప్పండి" అంటూ దాన్ని లోపలికి లాగుతాను.