కలివి కోడి బతికిన పుటలు

పాత పక్షి పుస్తకాలు సేకరించేవాళ్లంటే నాకు గౌరవం. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వచ్చేసరికి అది ఇంకా పెరుగుతుంది. ఈ గోదావరి పొదల్లో ఒకప్పుడు కలివి కోడి అనే పిట్ట తిరిగేదని మనకు చెప్పేది ఆ పుస్తకాలే. భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ 1870 ప్రాంతంలో భద్రాచలం, సిరొంచ దగ్గర దాన్ని చూశాడు. 1900 తర్వాత అది జాడ లేకుండా పోయింది. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది.

ఈ పిట్టను లోకానికి తెలిపిన డాక్టర్ జెర్డన్ నెల్లూరులో పనిచేశాడు. మద్రాసులో 1847కి పూర్తయిన ఆయన బొమ్మల పుస్తకంలో 50 పటాలు, చేత్తో రంగులద్దినవి. అలాంటిది చేతికందితే సేకర్త ముందుగా పటాలు లెక్కపెడతాడు. వాటిని కోసి, ఫ్రేములు కట్టి అమ్ముకునేవాళ్లున్నారు మరి. తలుచుకుంటేనే కడుపు మండుతుంది.

పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1941 నాటి పుస్తకానికి వేరే పరీక్ష. ముద్రణ సంవత్సరం, పై జాకెట్ చూడాలి. సంతకం సిరాతో చేసిందా, అచ్చులో వచ్చిందా అని భూతద్దంతో వెతకాలి. నన్నడిగితే, పాత యజమాని అంచున పెన్సిల్‌తో రాసుకున్న ఊరి పేరు, తేదీ సంతకం కన్నా విలువైనవి. ఏ పిట్ట ఎప్పుడు ఎక్కడుందో అవి చెబుతాయి.

వానాకాలం తేమకు బూజు పట్టకుండా, పురుగు తినకుండా ఇవన్నీ కాపాడటం ఏళ్ల తరబడి సాగే చాకిరి. దానికి జీతం ఎవరూ ఇవ్వరు.