సగం పాట వినేవాడిది

పాటలంటే చెవి కోసుకునేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట మెల్లగా రెండు ప్రశ్నల మీదికి మళ్లుతుంది. నువ్వు అరగదీసిన క్యాసెట్ ఏది? నువ్వు మరచిపోలేని కచేరీ ఏది? ఒకరు ఘంటసాల భగవద్గీత రికార్డు అంటారు. ఒకరు 'శంకరాభరణం' క్యాసెట్ అంటారు. ఇంకొకరు బాలమురళి కచేరీలో ముందు వరసలో కూర్చున్న సాయంత్రాన్ని చెప్పుకుంటారు. ఇవన్నీ అభిరుచులు. ఎవరూ అడ్డు చెప్పరు. నా వంతు వచ్చి నేను నుస్రత్ ఫతే అలీ ఖాన్ పేరో, సాబ్రీ బ్రదర్స్ పేరో చెప్పగానే అభిరుచి కాస్తా ఆచూకీ అయిపోతుంది. "ఔనండీ, మీవాళ్లు అద్భుతంగా పాడతారు" అంటారు. మెచ్చుకోలే. దురుద్దేశం కూడా ఉండదు. కానీ ఆ 'మీవాళ్లు' అన్న మాటలో ఎంత దూరముందో అన్నవాళ్లకు తెలీదు. అదే నుస్రత్‌ని నా పక్క కుర్చీలో మిత్రుడు మెచ్చుకుంటే విశాల హృదయం. నేను మెచ్చుకుంటే రక్తసంబంధం. క్రికెట్ మ్యాచ్ రోజున మమ్మల్ని చూసే చూపే, కాస్త మెత్తబడి, పాట దగ్గరా వాలుతుంది.

మెత్తదనం కూడా ఎప్పుడూ ఉండదు. 2015 ఏప్రిల్‌లో గజల్ గాయకుడు గులాం అలీ కాశీలో సంకట్ మోచన్ గుడి సంగీతోత్సవంలో పాడారు. అదే ఏడాది అక్టోబర్‌లో ముంబై షణ్ముఖానంద హాల్లో, జగ్జీత్ సింగ్ స్మృతిలో ఆయన పాడాల్సిన కచేరీని శివసేన బెదిరింపులతో రద్దు చేశారు. గాయకుడు మారలేదు. గొంతూ మారలేదు. ఆ రోజు పత్రికలన్నీ గాయకుడి గురించీ రెండు దేశాల గురించీ రాశాయి. జగ్జీత్ పాటలు గుండెల్లో పెట్టుకుని హాలుకు రావాలనుకున్న శ్రోత ఏమయ్యాడో రాసినవాళ్లు తక్కువ. శ్రోతకు అస్తిత్వం ఉంటుందని మన సంగీత విమర్శ ఎప్పుడూ అనుకోలేదు మరి.

ఇది మర్యాదకు సంబంధించిన ఫిర్యాదే అయితే ఇంత రాయక్కర్లేదు. ఖవ్వాలీ విషయంలో ఇది విమర్శలోని లోపం కూడా. ఎందుకంటే ఖవ్వాలీలో సగం పాట వినేవాడిది.

దర్గాలో ఉర్స్ రాత్రి జరిగే మెహఫిల్ చూసినవాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెప్తాను. ఖవ్వాల్ ఏ మిస్రా ఎన్నిసార్లు పాడాలో ముందే అనుకుని రాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు చూస్తూ పాడతాడు. ఒక మాట దగ్గర ఎవరో తల ఊపుతారు. ఖవ్వాల్ ఆ మాటను పట్టుకుని మళ్లీ అంటాడు. ఇదే తక్రార్. శ్రోత లేచి వచ్చి మీర్-ఎ-మెహఫిల్ ముందు వంగి నజరానా పెడతాడు. ఆ నోటు అక్కడినుంచి ఖవ్వాల్‌కు చేరుతుంది. డబ్బు చిన్నదే కావచ్చు, కానీ ఏ మాట దగ్గర ఇచ్చారన్నది ఖవ్వాల్‌కు అందిన కబురు. దాన్నిబట్టి గిరహ్ కడతాడు. అంటే పాడుతున్న కలాం మధ్యలో ఇంకో కవి షేర్‌ని, ఒక్కోసారి ఇంకో భాషలోంచి తెచ్చి ముడివేస్తాడు. ఎవరికైనా హాల్ వస్తే, అంటే ఒళ్లు తెలియని స్థితి వస్తే, ఆ మాటను వదిలి ముందుకు పోకూడదు. అతను తేరుకునేదాకా అదే పాడాలి. 1235లో ఢిల్లీలో ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక షేర్ వింటూ వింటూ అదే తన్మయత్వంలో ప్రాణం విడిచాడని చిష్తీలు చెప్పుకుంటారు. మాకు ఆ కథలో ముఖ్యుడు విన్నవాడు. పాడినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

ఇలాంటి సంగీతాన్ని రికార్డులో పెడితే ఏమవుతుంది? పాత 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక వైపుకు మూడు నిమిషాలు ఇచ్చింది. మూడు నిమిషాల్లో తక్రార్‌కు చోటెక్కడిది? ఎల్.పి. వచ్చి ఇరవై నిమిషాల పైచిలుకు ఇచ్చింది. కాస్త ఊపిరి ఆడింది. సాబ్రీ బ్రదర్స్ 1975లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడారు. 1978లో అమెరికా కంపెనీ నాన్‌సచ్ వాళ్ల ఎల్.పి. వేసింది. దాన్ని గొప్ప రికార్డనే అంటాను. పెద్దన్న గులాం ఫరీద్ సాబ్రీ మధ్యమధ్యలో బొంగురు గొంతుతో "అల్లాహ్" అని గర్జించే తీరు వేరెవరికీ పట్టుబడలేదు. అయితే దర్గాలో ఆ గర్జన ఎవరికో జవాబుగా వస్తుంది. రికార్డులో అది ఒట్టి విన్యాసంగా వినిపిస్తుంది. ఎవరికి జవాబో కనపడదు.

ఖవ్వాలీకి నిజంగా సరిపోయింది క్యాసెట్టే. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపుకు నలభై అయిదు నిమిషాలు. చవక. కాపీ చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. బర్మింగ్‌హామ్‌లో ఓరియెంటల్ స్టార్ ఏజెన్సీస్ అనే దుకాణం నుస్రత్ పాటల్ని అక్కడి వలస కూలీల కోసం, టాక్సీ డ్రైవర్ల కోసం ఇలాగే వరసపెట్టి విడుదల చేసింది. పాశ్చాత్య పత్రికలు 'కనిపెట్టక' ముందే నుస్రత్‌కు అక్కడ శ్రోతలున్నారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే అభిమానుల కబుర్లలో చరిత్ర 1985తో మొదలవుతుంది. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో మెర్సీ అనే దీవిలో పీటర్ గేబ్రియల్ నడిపే వోమాడ్ ఉత్సవంలో నుస్రత్ పాడాడు. శ్రోతల్లో చాలామందికి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఊగిపోయారు. ఆ కచేరీ రికార్డింగ్ 2019లో బయటికొచ్చింది. కొత్త శ్రోతలు నుస్రత్‌ని ఎలా అందుకున్నారో అందులో వినొచ్చు. వాళ్లు లయకు లేచారు, గొంతుకు లేచారు. మాటకు లేవలేదు. అది వాళ్ల తప్పని అనను. మాట తెలియకుండా లేవడం కూడా వినడమే. కానీ అదొక్కటే వినడమని, అంతకు ముందు విన్నవాళ్లది ఒట్టి భక్తి అని అంటేనే పేచీ.

1990లో వచ్చిన 'మస్త్ మస్త్' ఆల్బమ్ దగ్గర ఈ పేచీ ముదురుతుంది. మైకేల్ బ్రూక్ గిటార్లూ యంత్రాల చప్పుళ్లూ కలిపి చేసిన ఆల్బమ్ అది. ఇష్టమైన ఆల్బమ్ ఏదంటే లక్షలమంది దాని పేరే చెప్తారు. దాని ఎడిటింగ్‌లో ఒకచోట పదాలు మధ్యకు తెగి అర్థం లేకుండా పోయాయని నుస్రత్ అభ్యంతరం చెప్పాడని బ్రూక్ స్వయంగా చెప్పుకున్నాడు. నాకు ఇదొక్కటి చాలు. టేపు కోసినవాడికి గొంతు వినపడింది, మాట వినపడలేదు. మసీవ్ అటాక్ అనే ఇంగ్లీషు బృందం టైటిల్ పాటను తిరగమోత పెట్టాక క్లబ్బుల్లో ఆడారు. మనవాళ్లు తక్కువ తిన్నారా? నుస్రత్ పాడే ఖలందర్ పాట 1994లో 'మొహ్రా' సినిమాలో విజూ షా చేతిలో హీరోయిన్ నడుము మీదికి వచ్చింది. సెహ్వాన్ దర్గాలో ఒక వలీని పిలిచే పిలుపు, అమ్మాయిని వర్ణించే పాటయింది. అభిమానిగా నాకు ఆ సినిమా పాట మీదా కోపం లేదు, బాణీ హుషారుగానే ఉంటుంది. కోపమల్లా ఆ బాణీ ఎక్కడిదని అడిగితే "ఏదో సూఫీ సాంగ్" అనే జవాబు మీద.

'సూఫీ' అనే ఈ మాట ఇప్పుడు ఒక దుకాణం బోర్డు. సాబ్రీలు 1975లో పాడిన ఖవ్వాలీని 2015లో 'బజరంగీ భాయీజాన్'లో అద్నాన్ సామీ పాడాడు. అదే ఏడాది పాకిస్తాన్ కోక్ స్టూడియోలో ఆతిఫ్ అస్లమ్ సాబ్రీల ఇంకో ఖవ్వాలీ పాడితే ఊరంతా విన్నది. సూఫీ అంటే ప్రేమ, సూఫీ అంటే శాంతి, సూఫీ అంటే మతం లేని మంచితనం. బాగుంది. కోటల్లో దీపాలు పెట్టి, టికెట్లు పెట్టి సూఫీ రాత్రులు జరుపుతారు. ఆ రాత్రికి కావలసింది ఖవ్వాల్ టోపీ, హార్మోనియం, చప్పట్లు. టోపీ పెట్టుకున్న శ్రోత మాత్రం కనపడకూడదు. అతను లేచి నజరానా పెడితే సెక్యూరిటీవాడు కూర్చోబెడతాడు. పాట కావాలి, పాటలో సగమైనవాడు వద్దు.

తెలుగులో ఈ వ్యవహారం ఇంకో రకంగా సాగింది. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా నాదస్వరాన్ని మనం నెత్తిన పెట్టుకున్నాం. పెట్టుకోవాల్సిందే. 1998లో మద్రాసు అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడు ఆయన పోయారు. ఆయన గురించి ఏది చదివినా "ముస్లిం అయి ఉండి రంగనాథుడి ముందు వాయించాడు" అన్న వాక్యం తగులుతుంది. ఆయన రాగాలాపన ఎంత నిదానమో, ఒక స్వరం మీద ఎంతసేపు నిలబడేవాడో రాసినవాళ్లు కొద్దిమంది. 'అయి ఉండి' దగ్గరే విమర్శ ఆగిపోతుంది. హైదరాబాద్ వార్సీల సంగతి సరే సరి. 1857 తర్వాత ఢిల్లీ చితికిపోయాక ఇటు వచ్చిన తాన్‌రస్ ఖాన్ వంశం అది. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. మనుమలు నజీర్, నసీర్ వార్సీ సోదరులకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. ఇదే నగరంలో తెలుగులో సంగీతం గురించి రాసేవాళ్ల జ్ఞాపకాల్లో వాళ్ల మెహఫిల్ ఎంత తరచుగా కనిపిస్తుంది? త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నవాడు రసికుడు. మా సామయీన్‌కు తెలుగులో మాటే లేదు. 'భక్తులు' అంటారు, లేదా 'జనం' అంటారు.

మాలోనూ లెక్క తేలాల్సింది ఉంది. మెహఫిల్లో ఆడవాళ్లు ఎక్కడ? పర్దా వెనక, గోడ అవతల, చాలాచోట్ల అసలు రాకుండా. సంగీతం హరామా హలాలా అని మగవాళ్లం గంటలకొద్దీ వాదించుకుంటాం. వినే హక్కు ఇంట్లో ఎవరికి లేదో ఆ వాదనలో రాదు. తల ఊపి ఖవ్వాల్‌ని ఒక మాట దగ్గర ఆపగల అధికారం మా అమ్మలకు ఏ ఉర్స్‌లోనూ దొరకలేదు. అందుకే నుస్రత్ ఆల్బమ్‌ల మీద, సాబ్రీల కచేరీల మీద ఇన్ని కబుర్లు చెప్పుకునే మన లెక్కల్లో వాళ్లు లేరు.

క్యాసెట్ అది వాళ్లకు ఇచ్చింది. తొంభైల్లో మా ఇంట్లో టేప్ రికార్డర్ వంటింటి గూట్లో ఉండేది. రొట్టెలు ఒత్తుతూ అమ్మీ సాబ్రీల క్యాసెట్ పెట్టుకునేది. ఒక మిస్రా దగ్గర పిండి చేతి వేలుతో రివైండ్ నొక్కేది. మళ్లీ అదే మిస్రా. మళ్లీ రివైండ్. ఏడెనిమిది సార్లు. ఖవ్వాల్ రెండుసార్లు అని వదిలేసిన మాటను ఆమె తన కోసం తక్రార్ చేయించుకునేది. ఖాలా వచ్చిన రోజున ఇద్దరికీ పేచీ. ఖాలాకు ఆ మిస్రా కాదు, దాని తర్వాతి గిరహ్ కావాలి. "ఆపా, నువ్వు దాన్ని అక్కడే చంపేస్తున్నావు, ముందుకు పోనీ" అనేది. అమ్మీ పోనిచ్చేది కాదు. ఆ క్యాసెట్ ఇప్పటికీ ఉంది. అంతా బాగానే పాడుతుంది గానీ ఆ ఒక్కచోట టేపు సాగిపోయి గులాం ఫరీద్ గొంతు కిందికి జారుతుంది, బటన్ మీద పిండి మరక ఇంకా పోలేదు.