కోలా మాంసమును మెత్తపరచునా?

నిప్పులపై కాల్చుటకు ముందు మాంసమును తీయని శీతల పానీయములో నానవేయుట కొన్ని దేశములలో వాడుకైనది. కొరియావారు ఎద్దు ప్రక్కటెముకల మాంసముతో చేయు 'కల్బి' అను వంటకమునకు సోయాసాసు, పంచదార, వెల్లుల్లి, పియరు పండు గుజ్జు పట్టించుట సంప్రదాయము. నేడు కొందరు ఆ పండునకు బదులుగా కోలా పోయుచున్నారు. వంటకము రుచిగనే యుండును. అందు ఆక్షేపింపవలసినది లేదు. కాని దానికి సాధారణముగా చెప్పబడు కారణము మాత్రము పరీక్షకు నిలువదు.

"కోలాలో వేసిన పన్ను మెత్తబడును, కావున మాంసము కూడ మెత్తబడును" అనునది ఆ వాదము. ఇందు మొదటి భాగము నిజమే. 1950లో కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్లైవ్ మెకే అమెరికా ప్రతినిధి సభ సంఘము ఎదుట ఈ విషయమునే చెప్పెను. అయితే పన్ను ముఖ్యముగా కాల్షియం ఫాస్ఫేటు ఖనిజము, ఆమ్లములో కరగును. మాంసమన్ననో నీరును, మాంసకృత్తులును. ఒకదాని గుణమును రెండవదానికి అంటగట్టుట తర్కము కాదు.

కోలా పి.హెచ్. సుమారు 2.5, నిమ్మరసముది కూడ ఇంచుమించు అంతే. కాని 100 మి.లీ. నిమ్మరసములో సిట్రికామ్లము సుమారు 5 గ్రాములుండగా, అంతే కోలాలో ఫాస్ఫారికామ్లము సుమారు 0.05 గ్రాము మాత్రమే. మాంసము ఈ కొద్ది ఆమ్లమును సులభముగా అణచివేయును. పైగా మాంసపు పి.హెచ్. 5.5 ప్రాంతము నుండి 5.2కు దిగినచో దాని మాంసకృత్తులు నీటిని నిలుపుకొను శక్తి మిక్కిలి తగ్గును. అనగా స్వల్పమైన ఆమ్లము మాంసమును ఎండపరచుటకే తోడ్పడవచ్చును.

పియరు పండులో తీపితోబాటు మాంసకృత్తులను తునుకలు చేయు ఎంజైము కొద్దిగా కలదు. హైదరాబాదులో 'పత్తర్ కా గోష్త్' వండువారు పచ్చి బొప్పాయి గుజ్జు పట్టించుటకు కారణము ఇదే. అందలి ఎంజైము పపెయిన్. కోలాలో ఇట్టి ఎంజైము లేదు. దానిలో నున్నది 100 మి.లీ.కు 10 గ్రాములకు పైగా చక్కెర. ఆ చక్కెర వేడికి కరగి గోధుమ రంగును, జిగిని, సువాసనను ఇచ్చును. గ్లూకోజు, ఫ్రక్టోజులు మాంసములోని అమైనో ఆమ్లములతో కలిసి, 1912లో మయార్ వర్ణించిన చర్యను కూడ జరుపును. ఆ చక్కెరయే త్వరగా మాడును. కనుక మంట తగ్గింపవలెను.

ఈ భేదమును తరగతిలోనే చూపవచ్చును. మూడు గిన్నెలలో జెలటిన్ ద్రావణము పోసి చల్లారనిండు. ఒకదానిలో గ్యాసు పోయిన కోలాను, రెండవదానిలో పచ్చి బొప్పాయి రసమును, మూడవదానిలో బాగుగా మరిగించి చల్లార్చిన అదే రసమును కలిపి మంచులో నుంచుడు. మొదటిదియు మూడవదియు గడ్డకట్టును, రెండవది కట్టదు. జెలటిన్ కూడ మాంసకృత్తే. పచ్చి బొప్పాయి దానిని తునుకలు చేసినది. మరిగించుటచే ఎంజైము నశించినది. కోలా దానిని ఏమియు చేయలేదు. బొప్పాయి పాలు చర్మమునకు తగులకుండ జాగ్రత్తపడవలెను.

కోలాలో కరగిన పన్ను కథ తరగతిలో వినవచ్చినపుడు ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్న ఒకటే: పన్ను దేనితో ఏర్పడినది, మాంసము దేనితో ఏర్పడినది? సమాధానము విద్యార్థులే చెప్పుదురు.